నారాయణఖేడ్‌లో ఆరని కందులు

2012 జనవరిలో నన్ను నారాయణఖేడ్ కందుల కొనుగోలు కేంద్రానికి తేమ పరిశీలకుడిగా పంపారు. అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. నేను కొంచెం పెంచి చెబుతాను. కొంచెం అనడం కూడా తగ్గించి చెప్పడమే. ఇంట్లో నేను వాన పడుతోంది అంటే, మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకున్నాకే ఆరేసిన బట్టలు తీస్తుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ దశాంశ బిందువు పక్కన అంకె కూడా నిక్కచ్చిగా రాయాల్సి వచ్చింది. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఆ కసి అంతా ఇలా తీర్చుకుంటున్నాను. కాబట్టి ఇందులో మీసాలు, ట్రాక్టర్లు, ఎండలు ఉండాల్సిన దానికంటే పెద్దవిగా కనిపిస్తే మీరే కాస్త కోసి చదువుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో నేను కల్పించింది ఒక్కటే ఉంది. అదేమిటో చివర్లో నేనే చెబుతాను.

అప్పట్లో నా హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. హైదరాబాద్‌లో ధాన్యం నాణ్యత పరీక్షించే ప్రయోగశాల మాది. నా పైన అనలిస్టు, ఆయన పైన చీఫ్ అనలిస్టు, ఆయన పైన సీలింగ్ ఫ్యాను. మార్కెట్ యార్డుల్లోకి ఎవరైనా వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ వరస తలకిందులయ్యేది. అందరికంటే కింద ఉన్నవాడు అందరికంటే ముందు బస్సెక్కేవాడు.

ఆసారి నాతోపాటు ఒక యంత్రం కూడా ఎక్కింది. ఏనుగు పిల్లంత బరువు. కండక్టరు దాన్ని చూసి, దీనికీ టికెట్ కొడతానన్నాడు. నేను ఒళ్లో పెట్టుకుంటానన్నాను. సంగారెడ్డి దాటేసరికి నాకు తొడలున్న సంగతి మర్చిపోయాను.

అదేం యంత్రమో చెప్పాలి. గింజలో తేమ ఎంతో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. గింజల్ని పిండి చేసి, తూచి, నూట ముప్పై డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, రెండు గంటల తర్వాత మళ్లీ తూచాలి. తగ్గిన బరువే పోయిన నీరు. ఇందులో అనుమానానికి చోటు లేదు. కానీ ప్రతి రైతునూ రెండు గంటలు నిలబెడితే యార్డు పెళ్లిపందిరిలా తయారవుతుంది. అందుకే ఈ యంత్రం వచ్చింది. కంటికి కనిపించే ఎరుపు రంగు దాటాక, మన కంటికి అందని కాంతి ఒకటి ఉంటుంది. దాన్ని నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఆ కాంతిలో కొన్ని కిరణాల్ని నీరు ఇట్టే మింగేస్తుంది. గింజల మీద ఆ కాంతి వేసి, తిరిగి ఎంత వచ్చిందో కొలిస్తే ఎంత మింగబడిందో తెలుస్తుంది. ఎంత మింగబడితే అంత నీరున్నట్టు. గింజను పగలగొట్టనక్కర్లేదు, కాల్చనక్కర్లేదు. అడుగున గాజు ఉన్న గిన్నెలో పోసి మీట నొక్కితే, తుమ్మేలోపు అంకె వస్తుంది.

ఒకే చిక్కు. యంత్రానికి ముందుగా పాఠం చెప్పాలి. ఓవెన్‌లో తేమ తేల్చిన కందుల్ని రకరకాలుగా దానికి చూపించి, ఇంత కాంతి వస్తే ఇంత తేమ అని నేర్పాలి. దీన్నే మేం కాలిబ్రేషన్ అంటాం. మా యంత్రం చదువుకున్నది కొత్తగా కల్లంలోంచి వచ్చిన కందుల మీద. చూడని వాటి గురించి అడిగితే, తెలియదు అని చెప్పే అలవాటు దానికి లేదు. తెలిసినట్టే ఒక అంకె చెబుతుంది. ఈ విషయంలో అది మా చీఫ్ అనలిస్టుకు ఏమాత్రం తీసిపోదు.

కేంద్రం ఇన్‌ఛార్జి విఠల్ రావు. ఆయన మీసం యార్డు గేటంత వెడల్పు. సరే, గేటులో ఒక తలుపంత. నిబంధన విషయంలో మాత్రం మనిషి గీత గీసినట్టు ఉండేవాడు. కందుల్లో తేమ పన్నెండు శాతం దాటితే కొనకూడదు. దాటిందా, బండి వెనక్కి.

నేను చెప్పబోయేది ఆ కేంద్రం చివరి రోజు సంగతి. సాయంత్రం అయిదింటికి కాంటా ఎత్తేసి లారీకెక్కించాలి. పొద్దున్నే నాగల్‌గిద్ద వైపు ఊరి నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. దాని వెనక ఉన్న వరస కర్ణాటకలో మొదలైందని నా అంచనా. ట్రాక్టరులో సంచులు, సంచుల మీద మనుషులు. పండక్కి వచ్చినట్టు ఉతికిన బట్టలతో ఉన్నారు.

ముందుగా దిగినాయన దేవదానం. ఆ ఊరి చర్చికి సంఘపెద్ద. ఆ సంఘంలో ఏటా కోత పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో కొంత తెచ్చి చర్చిలో కుప్ప పోస్తారు. ఆరాధన అయ్యాక ఆ కుప్పను అక్కడికక్కడే వేలం వేస్తారు. వాళ్ల మాటలో హర్రాజ్. ఏటా ఆ హర్రాజ్‌లో కందులు పాడుకునేది ఒక్కరే. దేవదానం బావమరిది రత్నం. ఊళ్లో గింజలు కొని పట్నానికి పంపే వ్యాపారం అతనిది. తన మీద ఎవరూ పాడరని అతనికి తెలుసు. అందుకే తక్కువలో పాడేవాడు. ఈసారి దేవదానం సంఘం ముందు నిలబడి, హర్రాజ్ వద్దు, సర్కారు కాంటాకే పోదాం, వచ్చిన దాంతో వానల్లోపే చర్చికి కొత్త రేకులేద్దాం అన్నాడట. పోయినేడు వానకు పాటలు పాడేవాళ్లు గొడుగుల కింద నిలబడి పాడారట. సంఘం ఒప్పుకుంది. తీరా కందులు తేవడానికి ఊళ్లో ఖాళీగా ఉన్న ట్రాక్టరు రత్నందే. కిరాయి తీసుకుని అతనే నడుపుకుంటూ వచ్చాడు. కందులు వెనక్కి పంపితే ఆ ట్రాక్టరులోనే వెనక్కి పోవాలి. ఆ తర్వాత అతను చెప్పిందే ధర. ఈ లెక్క ఆ ట్రాక్టరులో ఉన్న అందరికీ తెలుసు.

“సారూ, గివి దేవునికిచ్చిన కందులు. జర మంచిగ చూడుండ్రి” అన్నాడు దేవదానం.

“దేవునియైతే గీ మిషిని డబ్బను అడుగుడెందుకు బావా? ఆయిననే అడుగరాదూ!” అన్నాడు రత్నం, స్టీరింగు మీద నుంచి దిగకుండానే.

నేను పరఖీ తీసుకున్నాను. పరఖీ అంటే మొన తేలిన ఇనుప గొట్టం. సంచి మూతి విప్పకుండా పక్కలోంచి గుచ్చితే గింజలు గొట్టంలోంచి జారి చేతిలో పడతాయి. సంచీ సంచీకీ గుచ్చి, అన్నీ కలిపి, కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుంటే అది లాటు మొత్తానికి నమూనా. కందులు చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్క పుచ్చు లేదు, ఒక్క ముక్క లేదు. ఆ ఎరుపు చూస్తే కెంపులు అమ్మకానికి తెచ్చారేమో అనిపించింది. గిన్నెలో పోసి మీట నొక్కాను.

పదిహేను.

విఠల్ రావు మీసం నా భుజం మీదుగా వచ్చి అంకె చదివింది. “తడి ఉన్నయ్. నడువది” అన్నాడు.

“తడా! గవ్వల లెక్క గలగలమంటున్నయి, వినుండ్రి సారూ!” దేవదానం గుప్పెడు తీసి నా చెవి దగ్గర ఆడించాడు. నిజంగానే గలగలమన్నాయి. కానీ నిబంధనల్లో గలగలకు గడి లేదు.

“నేను జెప్పలే బావా? హర్రాజ్ పెడితె ఆదివారమే ఖతమైతుండె. ఇగ బండి మలుపాల్నా?”

ఈ మాటకు జవాబు దేవదానం భార్య కరుణమ్మ ఇచ్చింది. రత్నానికి ఆమె సొంత అక్క. “నీ బండి ఏడికీ పోదు గనీ, దిగు. దిగి తాడ్‌పత్రి పరువు. నోటికి పని జెప్పుడు తప్ప చేతులకు జెప్పవు.”

విఠల్ రావుకు ఆదివారం కుటుంబంతో బోరంచ గుడికి వెళ్లి వచ్చిన ప్రశాంతత ఇంకా మిగిలి ఉందేమో, ఒక అవకాశం ఇచ్చాడు. “ఎండవెట్టుకోండ్రి. పగటీలి మళ్ల చూద్దం. అయిదింటికి కాంటా ఎత్తుతా. గంతే.”

యార్డు చప్టా మీద టార్పాలిన్లు పరిచి సంచులు కుమ్మరించారు. ఆ రోజు ఎండకు చప్టా మీద రొట్టె కాల్చుకోవచ్చు. జనవరి ఎండే, కానీ నేను చెబుతున్నాను కాబట్టి కాల్చుకోవచ్చు. ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ గింజల్ని తిరగేశారు. మధ్యాహ్నం మళ్లీ నమూనా తీశాను. మళ్లీ నొక్కాను.

పదిహేను.

రత్నం వచ్చి అంకె చూశాడు. “బావా, మీరు గింజలు తెచ్చిండ్రా, చెరువు తెచ్చిండ్రా?”

దేవదానం రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “సంఘంల నేనే లేసి మాట్లాడిన సారూ. అందరొద్దంటుంటె నేనే ఒప్పిచ్చిన. ఇప్పుడు గీ బండి ఊర్లెకు మల్లి పోతే, ఆదివారం నేను ఏ మొఖం పెట్టుకొని ముంగట నిలవడాలె?”

నాకు పట్టుకున్నది వేరు. తడి గింజ ఎండలో ఉంటే తేమ ఎంతో కొంత దిగాలి. కొంచెమైనా కదలాలి. పూట గడిచినా వెంట్రుకవాసి కూడా కదలని అంకెను నేను సర్వీసులో చూడలేదు. యంత్రం చెడిందేమో అని, పొద్దున కొన్న ఒక సిర్గాపూర్ రైతు కందులు పెట్టి చూశాను. పొద్దున ఎంత వచ్చిందో అంతే వచ్చింది. తెల్ల పింగాణీ బిళ్ల ఒకటి ఇస్తారు, యంత్రం తన వెలుగును తాను సరిచూసుకోవడానికి. అదీ సరిగ్గానే ఉంది. అంటే యంత్రం బాగుంది, కందులు బాగున్నాయి, అంకె బాగాలేదు.

నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. యంత్రం మీద వివాదం వస్తే ఓవెన్ చెప్పిందే తుది. ఆ వాక్యాన్ని విఠల్ రావుకు చూపించాను. ఆయన చదివి, ఒప్పుకుని, మీసం సవరించుకుని, “మరి ఓవెన్ ఏడున్నది?” అన్నాడు. ఓవెన్ హైదరాబాద్‌లో ఉంది.

దగ్గర్లో వేడిగాలి పెట్టె ఉండేది ఒక్క చోటే. దవాఖానలో. కత్తెర్లు, గాజు సీసాలు క్రిములు లేకుండా కాల్చడానికి వాడే పెట్టె, మా ప్రయోగశాల ఓవెన్‌కు కవల సోదరి. నా దగ్గరున్న చిన్న మరలో నమూనాను పిండి పట్టాను. మూతలున్న అల్యూమినియం డబ్బాల్లో తూచి పెట్టుకుని, రత్నం ట్రాక్టరు మీద దవాఖానకు వెళ్లాను. అతను ఎందుకు తీసుకెళ్లాడంటే అక్క చూస్తోంది కాబట్టి.

దవాఖానలో సిస్టరు నా డబ్బాల వంక చూసింది. “ఏంది సార్ గిది? కత్తెర్లు పెట్టే దాంట్ల కందిపిండి పెడ్తరా? డాక్టర్ సాబ్ చూస్తే నన్ను వేయిస్తడు.”

“రెండు గంటలే సిస్టర్. ఒక చర్చి కప్పు దీని మీద ఆధారపడి ఉంది.”

“ఏ చర్చి?” అని అడిగి, ఊరి పేరు చెప్పగానే, “మా పిన్నమ్మది గా ఊరే. పోయినేడు కురుస్తుండె” అని తలుపు తీసింది. నూట ముప్పై దగ్గర పెట్టి మీట తిప్పాను. కరెంటు పోకుండా ఉండాలని నేను, సిస్టరు, రత్నం ముగ్గురం ఎవరి దేవుళ్లకు వాళ్లం చెప్పుకున్నాం. రత్నం ఏమని చెప్పుకున్నాడో నేను అడగలేదు.

డబ్బాలు కాలుతుండగా యార్డుకు తిరిగొచ్చాను. ఊరికే కూర్చోలేక చర్చి కందుల్ని ఇంకోసారి పరీక్షించి, గిన్నె కడుగుదామని తీశాను. అప్పుడు కనిపించింది. గిన్నె అడుగున గాజు మీద ఎర్రటి పొర, పలుచగా, పౌడరు రాసినట్టు. వేలితో గీస్తే గీత పడింది. సిర్గాపూర్ కందులు పోసే ముందు ఇలాంటి పొరనే మామూలు దుమ్మనుకుని తుడిచేశాను. ఇది దుమ్ము కాదు.

“అమ్మా, ఈ కందులకు ఏమైనా రాశారా?” అని కరుణమ్మను అడిగాను.

“రాయకపోతే ఎట్ల సార్? ఎర్రమన్ను పట్టిచ్చినం” అంది, అడగడమే వింత అన్నట్టు. “దేవునికిచ్చేటియి పుచ్చువోతె ఎట్లుంటది? విత్తనాల లెక్క ఏరి, మన్ను కలిపి, మంచిగ ఎండవెట్టినం. ఇంటింటికీ గట్లనే చేసిండ్రు. రంగు చూడుండ్రి, పెండ్లిపిల్ల లెక్క లేవూ!”

అమ్మే కందులకు ఎవరూ ఎర్రమన్ను పట్టించరు. పురుగు పట్టకుండా ఇంట్లో దాచుకునే విత్తనానికే పట్టిస్తారు. కాబట్టి ఆ సీజను మొత్తం మా కాంటాకు అలాంటి కందులు రాలేదు. మా యంత్రానికి పాఠం చెప్పినప్పుడూ అలాంటివి చూపలేదు. మన్ను ఎంత ఎండినా దాని రేణువుల్లో నీరు ఇరుక్కుని ఉంటుంది. చేతికి తగలదు, ఎండకు పోదు. కానీ యంత్రం వేసే కాంతికి అది చక్కగా కనిపిస్తుంది. బరువులో చూస్తే ఆ మన్ను చిటికెడు. కానీ అది ఉన్నది గింజ పైన. కాంతి ముందుగా తగిలేదీ దానికే. ఇంట్లో ఎవరున్నారో చూసి రమ్మంటే గోడ సున్నం చూసి వచ్చినట్టు, యంత్రం మన్నును చూసి వచ్చి కందుల గురించి చెప్పింది.

“మన్ను పొడిగున్నది గద సార్, అండ్ల నీళ్లేడియి?” అన్నాడు దేవదానం.

చెప్పడం కంటే చూపించడం సులువు. గుప్పెడు కందులు తీసుకుని, పొడి గోనె ముక్కలో వేసి గట్టిగా రుద్దాను. మన్ను గోనెకు అంటింది. గింజలు కాస్త రంగు తగ్గి, పెళ్లయిన మర్నాటి ముఖంలా కనిపించాయి. గిన్నె తుడిచి, పోసి, నొక్కాను.

10.1.

దేవదానం అంకెను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ అంకెను చూశాడు. విఠల్ రావు మాత్రం తొందరపడలేదు. “ఓవెన్ ఏమంటదో రానీ. రాసుడు దాన్ని బట్టే” అన్నాడు. ఆయన చెప్పింది సరైన పద్ధతి. మళ్లీ దవాఖానకు వెళ్లి, డబ్బాలు చల్లార్చి తెచ్చి తూచాను. ఓవెన్ సరిగ్గా పది చెప్పింది. దేవుడికిచ్చిన కందులు ఎముకలా ఎండి ఉన్నాయని, ఆ సాయంత్రం అధికారికంగా తేలింది.

అక్కడితో అయిపోలేదు. “తేమ సరే. మరి మన్ను? అది చెత్త లెక్కల వడ్తది. మన్ను తీసి తెండ్రి, తూకం ఏస్త” అన్నాడు విఠల్ రావు. అయిదు కావస్తోంది.

నేను యంత్రం సర్దుతూ వెనక్కి తిరిగి చూసేసరికి, కరుణమ్మ బిందెతో వస్తోంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు బిందెలతో. మన్ను పోవాలంటే ఎవరైనా ఏం చేస్తారు? కడుగుతారు. నేను సర్వీసులో ఎప్పుడూ పరుగెత్తలేదు, ఆ రోజు మాత్రం చిరుతపులి నన్ను చూసి పక్కకు తప్పుకునేది. అయినా మొదటి బిందె ఆపలేకపోయాను. ఒక సంచి కందుల మీద నీళ్లు కుమ్మరించేసింది.

“నీళ్లొద్దు! నీళ్లొద్దమ్మా!” అని అరిచాను.

“గా సారే గద, మన్ను తీసి తెమ్మన్నడు?” అంది ఆమె బిందె పట్టుకునే.

“తుడవాలి. పొడిగా తుడవాలి.”

“ఒక్క ముక్క ముందుగాల చెప్తె ఏం పోతుండె?”

నేను గోనె ముక్క ఒకటి ఆమె చేతికిచ్చాను.

ఆ తర్వాత జరిగింది ఏ పరీక్షా పద్ధతిలోనూ రాసి లేదు. ఖాళీ గోనె సంచులు చించి తలా ఒక ముక్క పట్టుకుని, టార్పాలిన్ల మీద కూర్చుని సంఘమంతా కందులు రుద్దింది. చేటలతో చెరిగింది. చెరిగిన దుమ్ముకు సూర్యుడు ముందే అస్తమించాడని హమాలీలు అనుకున్నారు. పాటలు పాడారు. హమాలీలూ ఒక చెయ్యి వేశారు. దేవదానం తెల్ల చొక్కా ఇటుక రంగుకు మారింది. రత్నం దూరంగా ట్రాక్టరుకు ఆనుకుని నిలబడ్డాడు.

“రా మామా, నీక్కూడ గోనె ముక్కున్నది!” అని పిలిచింది ఒక పిల్ల.

“నాకు దుమ్ము పడది” అన్నాడు.

“గా దుమ్ముల పడ్డ గింజలే ఏటేటా కొన్నవు గద. అప్పుడు పడ్డది గదా!” అంది కరుణమ్మ. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వాడు, నవ్వి వచ్చి కూర్చున్నాడు. అందరికంటే ఎక్కువ తుమ్మింది అతనే.

విఠల్ రావు గడియారం చూశాడు. అయిదు దాటింది. కాంటా ఎత్తమని హమాలీలకు చెప్పాల్సిన మనిషి, ఎత్తే హమాలీలంతా గోనె ముక్కలతో కూర్చుని ఉండటం చూశాడు. “కాంటా ఎత్తేటోళ్లే లేరు. నేనొక్కణ్ని ఎత్తుతనా?” అని కుర్చీలో కూర్చున్నాడు. చివరి సంచి తూకమయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. తడిసిన సంచి మాత్రం తిరస్కరించాడు. అది నిబంధన. దాంట్లోంచి కొన్ని అక్కడే పెద్ద గిన్నెలో ఉడకేసి గుడాలు చేశారు. విఠల్ రావు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అది నిబంధన కాదు.

ప్రయోగశాలకు తిరిగొచ్చాక ఎర్రమన్ను పట్టించిన కందుల్ని యంత్రానికి చూపించి మళ్లీ పాఠం చెప్పాం. నేను నేర్చుకున్నది ఇంత: యంత్రం కొలిచేది వస్తువును కాదు, కాంతికి తగిలినదాన్ని. ఆ వస్తువును ఇక్కడికి తెచ్చే ముందు మనుషులు దాన్ని ఏం చేశారో అడిగి తెలుసుకోవడం కూడా కొలతలో భాగమే. ఆ ప్రశ్నకు యంత్రంలో మీట లేదు.

ఇక కల్పించిన ముక్క. దవాఖాన ఓవెన్ అనుకుంటారేమో, అది నిజం. రత్నం వచ్చి కూర్చోవడమూ, తుమ్మడమూ నిజమే. కాంటా ఎత్తకపోవడం నిజం. 10.1, ఓవెన్ చెప్పిన పది, రెండూ నిజం. కల్పించింది పదిహేను. ఆ రోజు పొద్దున, మధ్యాహ్నం, యంత్రం చూపించింది 12.4. మొదట్లోనే అలా చెబితే, ఇంత చిన్న తేడాకు ఇంత రాద్ధాంతమా అని మీరు పేజీ తిప్పేస్తారని పెంచాను. కానీ పదిహేను వచ్చి ఉంటే, గలగలమంటున్న గింజల్ని చూసి ఎవరైనా యంత్రాన్నే అనుమానించేవారు. 12.4 వస్తే అందరూ రైతునే అనుమానిస్తారు. ట్రాక్టరు వెనక్కి మళ్లడానికి బిందువు పక్కన నాలుగు చాలు.